మోటు రేవు దగ్గర మెదడువాపు టీకా

శబరి, సీలేరు కలిసేచోట ఉంది మోటు. ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాకు చిట్టచివరి ఊరు. ఒకవైపు ఏరు దాటితే ఆంధ్ర, ఇంకోవైపు దాటితే ఛత్తీస్‌గఢ్. మోటు, కాలిమెల సంతల్లో తెలుగు, కోయ, ఒడియాతో పాటు దండకారణ్యం ప్రాజెక్టు కింద వచ్చి స్థిరపడ్డవాళ్ల బెంగాలీ కూడా వినిపిస్తుంది. బంధుత్వాలు, కూలి పనులు ఈ ఏర్లను ఎప్పుడూ హద్దుగా చూడలేదు.

ఇక్కడ టీకాల మీద అవగాహన అనగానే పైనుంచి వచ్చినవాళ్లు ఫారం తీసి, ‘మెదడువాపు దోమ వల్ల వస్తుందని తెలుసా?’ అని అడుగుతారు. తెలుసంటే ఒక టిక్కు, లేదంటే ఇంకో టిక్కు. దాంతో తేలేది తక్కువే. ఇక్కడి తల్లి పిల్లను సూది దగ్గరకు తెచ్చినా, తేకపోయినా అసలు సంగతి ఆ ఫారంలో ఉండదు.

మన్యంలో జ్వరం అంటే ముందు గుర్తొచ్చేది చలిజ్వరం, అంటే మలేరియా. దాని తీరు అందరికీ తెలుసు. వణుకు వస్తుంది, ఆశా కార్యకర్త వేలు పొడిచి కిట్‌లో చూస్తుంది, మాత్రలు ఇస్తుంది, మనిషి లేచి తిరుగుతాడు. ఒడిశా ప్రభుత్వం 2017లో దమన్ పేరుతో మారుమూల పల్లెల్లో క్యాంపులు పెట్టి, జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ పరీక్షలు చేయించింది. 2016లో రాష్ట్రంలో నాలుగు లక్షలు దాటిన మలేరియా కేసులు 2019కి నలభై వేల లోపుకు దిగాయి. ఆ మార్పును జనం కళ్లతో చూశారు.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్, అంటే జేఈ మెదడువాపు, అలా కళ్లకు కనబడే రోగం కాదు. నిన్న ఆడుకున్న పిల్లకు జ్వరం, వెంటనే ఫిట్స్, ఆపైన స్పృహ ఉండదు. వైరస్‌ను చంపే మందు లేదు. వరిమళ్ల నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ పందుల నుంచి, కొంగల నుంచి వైరస్‌ను మనిషికి చేరుస్తుంది. సోకిన దాదాపు 250 మందిలో ఒక్కరికే ముదురుతుంది. కానీ ముదిరినవాళ్లలో 30 శాతం దాకా ప్రాణాలు పోతాయి, బతికినవాళ్లలో చాలామందికి జీవితాంతం ఏదో లోపం మిగులుతుంది. యాభై ఇళ్ల గూడెంలో ఏళ్ల తరబడి ఒక్క కేసూ కనబడకపోవచ్చు. కనబడని రోగానికి సూది వేయించుకోమంటే ఎవరైనా ఆలోచిస్తారు.

మన దేశంలో ఈ రోగాన్ని మొదట గుర్తించింది 1955లో, తమిళనాడులోని వెల్లూరు ప్రాంతంలో. గోరఖ్‌పూర్ వైపు 2005లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాక గానీ పెద్ద ఎత్తున టీకాలు మొదలు కాలేదు. మరుసటి ఏడాది చైనాలోని చెంగ్డులో తయారైన టీకాను తెప్పించి, రోగం ఎక్కువున్న జిల్లాల్లో వేశారు. ఇప్పటికీ ఇది దేశమంతా వేసే టీకా కాదు, గుర్తించిన జిల్లాలకే. మల్కన్‌గిరిలో 2012లోనే జేఈ బయటపడింది. టీకా రావడానికి మాత్రం ఇంకో నాలుగేళ్లు, ఇంకో విషాదం పట్టాయి.

2016 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఆ జిల్లాలో వందకు పైగా పిల్లలు చనిపోయారు. అధికారులు మొదట దోమ అన్నారు. తర్వాత పందులన్నారు, వాటిని ఊళ్లకు దూరంగా తరలించే పని పెట్టుకున్నారు. కోయ ఇంట్లో పంది అంటే దాచుకున్న డబ్బు. పెళ్లికి, పండగకు, చావు కార్యానికి అదే ఆసరా. రోగం పేరు చెప్పి దాన్ని తోలుకుపోతే రోగం కన్నా ముందు గుండెకు తగిలేది ఆ నష్టమే. ఇంతలో డాక్టర్ టి.జాకబ్ జాన్ నాయకత్వంలోని నిపుణుల బృందం వచ్చి, చాలా మరణాలకు బన చకుండ కారణమని చెప్పింది. మనం కసింద అనే మొక్క అది. ఆకలి రోజుల్లో పిల్లలు దాని గింజలు తింటే అందులోని విషం మెదడును దెబ్బతీస్తుందన్నారు. కొందరి రక్తంలో జేఈ నిజంగానే తేలింది, చాలామందిలో తేలలేదు.

ఒక్క సీజన్‌లో దోమ, పంది, మొక్క. ఆపైన డిసెంబరులో 1 నుంచి 15 ఏళ్ల పిల్లలకు సూది. ‘మొక్క తిని చచ్చిపోతే సూదెందుకు?’ అని ఎవరైనా అడిగితే దాన్ని మూఢనమ్మకం అనగలమా? నాకైతే అది చదువుకున్నవాళ్లు అడిగే ప్రశ్నలాగే ఉంది. జవాబు కూడా కష్టమైనదేమీ కాదు: రెండు కారణాలూ ఉన్నాయి, టీకా అందులో ఒకదానికే. ఆ మాట కోయలోనో తెలుగులోనో కూర్చుని చెప్పాలి, అంతే. అలా చెప్పనిచోట టీకా వేసిన పిల్లకు తర్వాత చలిజ్వరం వస్తే, ‘సూది వేసినా జ్వరం ఆగలేదు’ అనే మాట సంత దాకా పోతుంది.

ఇంకో పాత గాయం ఏటికి అవతలిది. అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంతంలో కూడా, 2009లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. ఇదే పని గుజరాత్‌లోని వడోదరలోనూ జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ తేల్చింది. కానీ అనుమతి పత్రాల సంగతి అలా తేలిపోలేదు. పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో బయటపెట్టింది. తల్లిదండ్రుల తరఫున వార్డెన్ సంతకం! దోమకూ ఆ టీకాకూ సంబంధం లేదు, నిజమే. కానీ ఏటికి రెండు వైపులా చుట్టాలున్న ఇంట్లో సూది అనగానే ఏ కథ ముందు నోటికొస్తుందో ఊహించడం కష్టం కాదు.

నేను గమనించినంతలో ఈ వైపు టీకా మొండిగా వద్దనేవాళ్లు తక్కువ. ఆగి చూద్దాం అనేవాళ్లే ఎక్కువ. పక్కింటి పిల్లకు వేశాక ఎలా ఉందో రెండు రోజులు చూస్తారు. ఆ రెండు రోజుల్లో నర్సమ్మ మళ్లీ ఇంటికొచ్చి ‘ఒళ్లు వెచ్చబడిందా, ఏడ్చిందా’ అని అడిగితే పని సగం అయినట్టే.

ఇక వద్దనడంతో పని లేకుండానే తప్పిపోయే డోసులున్నాయి. జేఈ టీకా మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. ఎండాకాలం రాకముందే ఈ పల్లెల నుంచి కుటుంబాలు మిరప కోతలకు భద్రాచలం వైపు, ఇంకా కిందికి వెళ్తాయి. చంటిపిల్లలూ వెంటే. చేతిలో కార్డు ఒడియాలో ఉంటుంది, అక్కడి నర్సు చదివేది తెలుగు.

ఇప్పుడు మలేరియా టీకా మాట వస్తోంది. ఆఫ్రికా దేశాల్లో పిల్లలకు వేస్తున్న రెండు టీకాల్లో ఆర్21ను తయారుచేసేది పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్. భువనేశ్వర్‌లోని ఐసీఎంఆర్ పరిశోధన కేంద్రం కూడా యాడ్‌ఫాల్సివ్యాక్స్ అనే టీకాను రూపొందించింది, 2025లో దాని తయారీ పరిజ్ఞానాన్ని కంపెనీలకు ఇచ్చారు. అది జనం దాకా రావడానికి ఇంకా పరీక్షలున్నాయి. ఇక ఆర్21కు నాలుగు డోసులు. మొదటి మూడూ నెల నెలకూ, నాలుగోది మూడోదాని తర్వాత దాదాపు ఏడాదికి. అప్పటికి పిల్ల ఏ మిరప చేను గట్టు మీద ఉంటుందో ఎవరి రిజిస్టర్‌లోనూ ఉండదు.