ఏడో నెల సూది

పోయిన సెప్టెంబర్లో మా అన్న కూతురు చెన్నైలో పినాకినీ రైలెక్కి కావలిలో దిగింది. తొలికాన్పు, ఏడో నెల. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక చేతిసంచీలోంచి రెండు కాగితాలు తీసి నా ముందు పెట్టింది. ఒకటి తల్లీబిడ్డల కార్డు. అందులో టీడీ అనే ధనుర్వాతం టీకా మొదటి గడిలో నీలం ఇంకుతో తేదీ ఉంది, రెండో గడి ఖాళీ. రెండో కాగితం అక్కడి ప్రైవేటు ఆసుపత్రి చీటీ. దాని మీద 'టీడ్యాప్, ఫ్లూ' అని రెండు మాటలు, ఎదురుగా ధరలు. ఎందుకో, ఎవరికోసమో ఒక్క ముక్క లేదు.

"అత్తా, ఇవన్నీ నిజంగా కావాలా? లోపల బిడ్డకేమన్నా అయితే?" అంది. మా అమ్మ మంచం మీద నుంచే తీర్పు చెప్పేసింది: "మేం నలుగుర్ని కన్నాం. టీటీ సూదితోనే గడిచిపోయింది."

నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లు బళ్లో జీవశాస్త్రం చెప్పాను కాబట్టి ఇలాంటి పంచాయితీలు నా దగ్గరికే వస్తాయి. కడుపుతో ఉన్నప్పుడు వేసే ప్రతి టీకా గురించీ ముందు అడగాల్సింది ఒకటే: ఇది తల్లి కోసమా, పుట్టబోయే బిడ్డ కోసమా? అది తేలితే ఏ నెలలో వేయించుకోవాలో దానంతటదే తేలుతుంది.

మా అమ్మ చెప్పిన టీటీతోనే, అంటే పాత ధనుర్వాతం టీకాతోనే మొదలుపెడతాను. ధనుర్వాతం అన్న పేరులోనే జబ్బంతా ఉంది. కండరాలు బిగుసుకుపోయి ఒళ్లు విల్లులా వంగిపోతుంది. ఆ సూక్ష్మజీవి మట్టిలో, పేడలో ఉంటుంది. వెనకట బొడ్డుతాడును దొరికిన బ్లేడుతోనో కొడవలితోనో కోసేవాళ్లు, పుండు మీద పేడో బూడిదో అద్దేవాళ్లు. రెండు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ ఉన్నట్టుండి నోరు తెరవలేకపోయేది. 1988లో ప్రపంచం మొత్తం మీద ఇలా చనిపోయిన పసిబిడ్డలు 7,87,000 మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తల్లికి సూది వేస్తే ఆమె రక్తంలో తయారైన రక్షణ బిడ్డకూ చేరింది, ఆసుపత్రి కాన్పులు పెరిగాయి, శుభ్రమైన బ్లేడు వచ్చింది. దేశంలో ఈ శిశు ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చినట్టు అందరికన్నా ముందు నిర్ధారణ అయిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, 2003లో. దేశమంతటికీ ఆ మాట అనగలిగింది 2015లో. ఇంత పెద్ద విజయం గురించి మన దగ్గర ఎవరూ గొప్పగా చెప్పుకోరు. జబ్బు కనబడకుండా పోయాక సూదిని కూడా చిన్నచూపు చూస్తాం మరి.

ఇప్పుడు ప్రభుత్వం వేసేది టీడీ. ధనుర్వాతంతో పాటు కంఠసర్పికి (డిఫ్తీరియా) కూడా పనికొస్తుంది. నర్సమ్మలు సైతం అలవాటుకొద్దీ టీటీ అనే అంటారు, కంగారు పడక్కర్లేదు. నెల తప్పిందని తెలియగానే ఒకటి, నాలుగు వారాలు ఆగి ఇంకొకటి. కిందటి కాన్పుకు రెండూ వేయించుకుని మూడేళ్లు దాటకపోతే ఒక్క బూస్టర్ చాలు.

మరి మా పిల్ల కార్డులో రెండో గడి ఎందుకు ఖాళీ? మరిచిపోయి కాదు. ఆ రెండో టీడీకి బదులు టీడ్యాప్ వేద్దామని అక్కడి డాక్టరమ్మ ఆపింది. టీడీలో ఉన్న రెండింటికీ కోరింత దగ్గు టీకా కలిపితే టీడ్యాప్. ప్రభుత్వ టీకాల పట్టికలో ఇది లేదు. బయట కొనాలి, వెయ్యి రూపాయల పైమాటే. చేతిలో డబ్బు ఆడనివాళ్లు రెండో టీడీని మాత్రం వదులుకోకూడదు.

కోరింత దగ్గు పెద్దవాళ్లకు వారాల తరబడి విసిగించే దగ్గు, అంతే. పెద్ద పిల్లలైతే దగ్గు తెర చివర్లో ఊపిరిని గట్టిగా శబ్దం చేస్తూ లాక్కుంటారు. నెలల పిల్లలకు ఆ శక్తి కూడా ఉండదు. దగ్గు సరిగా రాకుండానే ఊపిరి ఆగిపోయి ఒళ్లు నీలంగా మారుతుంది. బిడ్డకు సొంత టీకా, ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్‌లో ఉంది కానీ దాని మొదటి డోసే ఆరో వారంలో, తర్వాత పదో వారం, పద్నాలుగో వారం. ఈలోగా చూడ్డానికొచ్చిన చుట్టం ముద్దు పెట్టుకుంటూ దగ్గితే బిడ్డను కాపాడేది ఏమిటి? తల్లి ఇచ్చి పంపిన యాంటీబాడీలు, అంటే జబ్బును అడ్డుకునే ప్రొటీన్లు ఒక్కటే.

అవి దాటేది మావి (ప్లాసెంటా) గుండా. మావి అంటే జల్లెడ లాంటిదని, చిన్నవి దాటి పెద్దవి ఆగిపోతాయని బళ్లో నేనూ చాలా ఏళ్లు చెప్పాను. అది సగం నిజమే. ఐజీజీ అనే రకం యాంటీబాడీలు చిన్నవేమీ కావు. వాటిని పట్టుకుని అవతలి గట్టుకు చేర్చే రిసెప్టర్లు మావి కణాల్లో ఉన్నాయి. పడవ మీద రేవు దాటించినట్టన్నమాట. నాలుగో నెలలో ఒకటీ అరా దాటడం మొదలై, చివరి మూడు నెలల్లో రేవు కిటకిటలాడుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో ఇవి తల్లి రక్తంలో కన్నా ఎక్కువే ఉంటాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఈ మూట చిన్నది.

సూది వేశాక తల్లి ఒంట్లో యాంటీబాడీలు బాగా పెరగడానికి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత కొన్ని నెలల్లో తగ్గుతూ పోతాయి. మరీ ముందు వేస్తే రేవు రద్దీగా ఉండే వేళకు సరుకు పలచబడుతుంది, మరీ ఆలస్యమైతే సరుకు తయారయ్యేలోపే కాన్పు వస్తుంది. 27 నుంచి 36 వారాల మధ్య అని చాలామంది డాక్టర్లు చెప్పేది ఈ లెక్క మీదే. ప్రతి కాన్పుకూ మళ్లీ వేయించుకోమనడానికీ అదే కారణం. బ్రిటన్‌లో 2012లో కోరింత దగ్గు చెలరేగి 14 మంది పసివాళ్లు చనిపోయారు. ఆ ఏడే గర్భిణులకు టీకా మొదలుపెట్టారు. మూడు నెలల లోపు పిల్లల్లో అది 91 శాతం దాకా పనిచేసిందని తర్వాత లెక్క తేలింది.

ఇక్కడ మన ఆచారంతో ఒక చిక్కుంది. 27 వారాలంటే ఏడో నెల నడుస్తున్నట్టు. సరిగ్గా సీమంతం చేసి పిల్లను పుట్టింటికి తెచ్చుకునే రోజులు. ఊరు మారుతుంది, డాక్టర్ మారుతుంది, కార్డేమో అత్తగారింటి బీరువాలో ఉండిపోతుంది. 'అక్కడే వేసుంటార్లే' అని ఇక్కడివాళ్లు, 'వెళ్లాక వేయిస్తార్లే' అని అక్కడివాళ్లు. సారెతో పాటు కార్డు కూడా సర్దుకోవాలి.

ఫ్లూ టీకా ఇద్దరి కోసం. నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి ఊపిరితిత్తుల కింది పొరను పైకి నెడుతుంది, గుండెకు పని పెరుగుతుంది. అలాంటప్పుడు ఫ్లూ వస్తే మామూలు జ్వరంలా పోకుండా న్యుమోనియాకు దారితీసే ప్రమాదం ఎక్కువ. ఆరు నెలలు నిండని బిడ్డకు ఫ్లూ టీకా వేయరు కాబట్టి తల్లికి వేసిందే దానికీ దిక్కు. చంపిన వైరస్‌తో చేసిన సూది మందును ఏ నెలలోనైనా వేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన నెల్లూరు, ఒంగోలు వైపు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కాబట్టి, ఆ ముసురు పట్టకముందే వేయించుకుంటే మంచిదని నా ఉద్దేశం.

వద్దనేవీ ఉన్నాయి. రుబెల్లా (ఒంటి మీద దద్దుర్లొచ్చే ఒక జ్వరం), ఆటలమ్మ టీకాల్లో బలహీనపరిచినదే అయినా బతికున్న వైరస్ ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు అవి వేయరు. వేయించుకున్నాక కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. తెలియక వేయించుకుంటే మాత్రం గర్భం తీయించుకోవాల్సిన పని లేదు. అలా పుట్టిన పిల్లల్లో రుబెల్లా లోపాలు కనబడలేదు. అసలు భయం జబ్బుతోనే. తల్లికి మొదటి నెలల్లో రుబెల్లా వస్తే బిడ్డ కళ్లలో శుక్లాలు వస్తాయని 1941లో కనిపెట్టింది నార్మన్ గ్రెగ్ అనే ఆస్ట్రేలియా కంటి డాక్టర్. మన రాష్ట్రంలో 2017లో బళ్లలో ఎంఆర్ (తట్టు, రుబెల్లా) సూదులు వేసింది పదిహేనేళ్ల లోపు వాళ్లకే. అప్పటికే ఇంటర్, డిగ్రీలో ఉన్న అమ్మాయిలు తమకు ఆ టీకా పడిందో లేదో పెళ్లికి ముందే కనుక్కోవాలి.

కుక్క కరిస్తే మాత్రం ఏ నెల అని చూడకూడదు. రేబిస్ సూది ఏ నెలలోనైనా, ఆ రోజే.

మా పిల్ల భయం తీసిపారేసేది కాదు. కడుపుతో ఉన్నవాళ్లు వేసుకుంటే బిడ్డలు అవయవ లోపాలతో పుట్టిన థాలిడోమైడ్ మందు దెబ్బ తిన్నాక మందుల పరీక్షల్లోంచి గర్భిణులను దూరం పెట్టడం అలవాటైపోయింది. దాంతో కొత్త టీకా వచ్చిన ప్రతిసారీ 'వీళ్ల మీద చూడలేదు' అనే మాటే వినబడుతుంది. కోవిడ్‌లోనూ మన దగ్గర గర్భిణులకు అనుమతి వచ్చింది 2021 జులైలో, రెండో అల చాలామందిని తీసుకుపోయాక. ధనుర్వాతం టీకా అలా కాదు, దశాబ్దాలుగా కోట్లమంది తల్లులు వేయించుకున్నారు. టీడ్యాప్‌లోనూ బతికున్న సూక్ష్మజీవి లేదు, బిడ్డలోకి పోయి పెరగడానికి. చెయ్యి నొప్పి, ఒకరోజు నలత, కొందరికి జ్వరం. జ్వరమొస్తే పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఇంతకుముందు ఏదైనా టీకాకు ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడకపోయి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి.

ఇదంతా చెప్పాక, ఏం చేయాలో తననే ఆలోచించుకోమన్నాను. రెండు రోజులు మొగుడితో ఫోన్లో మాట్లాడుకుంది. 29వ వారంలో కావలిలోనే రెండూ ఒకే రోజు వేయించుకుంది, కుడి చేతికొకటి, ఎడమ చేతికొకటి. మర్నాడు రెండు చేతులూ తల దాకా లేవలేదు. మా అమ్మ మంచం మీద నుంచి దిగి, దువ్వెన పట్టుకుని, "ఒక చేతికే రెండూ పొడవమని చెప్పుండాల్సింది కదే" అని సణుగుతూ రెండు రోజులు జడ వేసింది.