చూసిన వీడియోనే మళ్ళీ ఎందుకు చూస్తాం?

వంతెన కూలిన వీడియో అది. మొత్తం ఎనిమిది సెకన్లు కూడా ఉండదు. రాత్రి పదకొండింటికి మొదటిసారి చూశాను. రెండింటికి మా పాప మంచినీళ్ళకని లేచి వచ్చి "అమ్మా, ఇంకా పడుకోలేదా, ఏం చూస్తున్నావ్?" అని అడిగేసరికి అదే వంతెన అదే కూలడం, కాకపోతే నాలుగో కోణంలోంచి చూస్తున్నాను. ఆ మూడు గంటల్లో చనిపోయినవాళ్ళ సంఖ్య మూడు నాలుగు సార్లు మారింది. అంతకుమించి నాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు, అయినా ఫోన్ పక్కన పెట్టాలంటే ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించింది. వాళ్ళు అంత కష్టంలో ఉంటే నేను హాయిగా నిద్రపోవడమేంటి, అని.

ఈ 'అనిపించడం' గురించే చాలా రోజులుగా చదువుతున్నాను. ముందు ఒంట్లో జరిగేది చెప్పుకుందాం. మెదడు లోపల బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అని ఒక చిన్న భాగం ఉంది. ప్రమాదాన్ని పసిగట్టడంలో దానిది పెద్ద పాత్ర. అది గంట కొట్టగానే అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, కాసేపటికి కార్టిసాల్ వచ్చి రక్తంలో చక్కెరను పెంచుతుంది. పరిగెత్తడానికో ఎదురు తిరగడానికో ఒళ్ళు సిద్ధమవుతుందన్నమాట. ఇదంతా పులి ఎదురైతే పనికొచ్చే ఏర్పాటు. తెర మీద కనిపించే ప్రమాదం వెయ్యి కిలోమీటర్ల దూరంలో జరిగిందని మన బుద్ధికి తెలుసు గానీ, ఆ గంట కొట్టే భాగం అంత లెక్క చూసుకోదు. దాంతో ఒళ్ళంతా పరుగుకి తయారై ఉంటుంది, మనం మాత్రం మంచం మీద పడుకుని ఉంటాం, కదిలేది బొటనవేలు ఒక్కటే.

ప్రమాదం ఎక్కడుందో తేలకపోతే కళ్ళు వెతకడం ఆపవు. ఇంకో వీడియో చూస్తే స్పష్టత వస్తుందేమో, ఇంకోసారి కిందికి లాగితే ఏదైనా తెలుస్తుందేమో అని. తెలియదు. పైగా ఆ వెతుకులాటకు ఎదురుగా పెట్టిన సరుకు కూడా అలాంటిదే. ఒక వెబ్‌సైటు పెట్టిన లక్షకు పైగా శీర్షికలను విశ్లేషించి 2023లో ఒక అధ్యయనం వచ్చింది. సగటు పొడవున్న శీర్షికలో చెడును సూచించే మాట ఒక్కటి పెరిగితే, దాని మీద నొక్కేవాళ్ళు 2.3 శాతం పెరిగారట. చిన్న అంకెలాగే ఉంది కదా, కానీ శీర్షికలు పెట్టేవాళ్ళు ఈ లెక్కలు రోజూ చూసుకుంటారు.

ఇక నన్ను బాగా కదిపిన పరిశోధన. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాయి, ముగ్గురు చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. ఆ తర్వాత కొన్ని వారాల్లోనే అమెరికాలో నాలుగున్నర వేల మందికి పైగా జనాన్ని పరిశోధకులు ప్రశ్నించారు. పేలుడు దగ్గర తామో తమవాళ్ళో ఉన్నవాళ్ళకంటే, ఆ వారమంతా రోజుకి ఆరు గంటలో అంతకన్నా ఎక్కువో ఆ వార్తల్లోనే మునిగినవాళ్ళలో ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. చదివి నమ్మలేదు, రెండోసారి చదివాను. వెంటనే ఒక అనుమానం కూడా వచ్చింది: ముందునుంచీ కంగారు మనుషులే ఎక్కువసేపు టీవీ ముందు కూర్చుని ఉండొచ్చు కదా? ఉండొచ్చు. 2019లో వచ్చిన ఇంకో అధ్యయనం నాలుగు వేల మందికి పైగా జనాన్ని మూడేళ్ళపాటు గమనించి, రెండూ నిజమే అన్నట్టు తేల్చింది. ఎక్కువ చూసినవాళ్ళకి ముందుముందు ఏమవుతుందోనన్న భయం పట్టుకుంది, ఆ భయం ఉన్నవాళ్ళే తర్వాతి ఘోరం జరిగినప్పుడు ఇంకా ఎక్కువ చూశారు. గానుగెద్దు తిరిగినట్టే.

అలాగని వార్తలు చూసి మనసు పాడైతే అదో జబ్బు అనుకోనక్కర్లేదు. ఈమధ్య ఏ చిన్నదానికైనా 'ట్రామా' అనేస్తున్నాం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో సవరించిన మానసిక జబ్బుల నిర్ధారణ గ్రంథం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా అలాంటివి చూడాల్సి వస్తే తప్ప, తెర మీద చూసినంత మాత్రాన అది ఆ లెక్కలోకి రాదు. నిజంగా ఘోరం దగ్గర్లో ఉన్నవాళ్ళు కూడా మనం అనుకున్నదానికంటే గట్టివాళ్ళు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఆరు నెలల్లో న్యూయార్క్ ప్రాంతంవాళ్ళని పరిశీలిస్తే, సుమారు 65 శాతం మందిలో తీవ్ర ఒత్తిడి లక్షణాలు అసలు లేవు, లేదా ఒక్కటే ఉంది. కాకపోతే సొంతవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళ సంగతి, ఇదివరకే ఇలాంటిది అనుభవించినవాళ్ళ సంగతి వేరు. నెల దాటినా నిద్ర, తిండి, పని గాడిన పడకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళడమే, అందులో ఆలోచించేదేమీ లేదు.

ఇంకోటి, మనం పెద్దగా పట్టించుకోనిది. 1997లో ఇద్దరు బ్రిటిష్ మనస్తత్వవేత్తలు కొందరికి 14 నిమిషాల వార్తలు చూపించారు. కొందరికి మంచివి, కొందరికి మామూలువి, కొందరికి చెడ్డవి. చెడ్డ వార్తలు చూసినవాళ్ళు దిగులు పడటం వింతేమీ కాదు, కానీ ఆ వార్తలతో ఏ సంబంధమూ లేని తమ సొంత సమస్యల్ని కూడా వాళ్ళు కొండంత చేసుకున్నారు. వరద వార్తలు చూసిన సాయంత్రం ఆఫీసులో అడగాల్సిన సెలవు కూడా జరగని పనిలా ఎందుకు అనిపిస్తుందో నాకు అప్పుడు అర్థమైంది.

మరి ఏం చేయాలి? "మనసులో పెట్టుకోకు, చెప్పేసుకో" అంటారు అందరూ. ఇది సగమే నిజం. ఒకప్పుడు విపత్తు జరగ్గానే బాధితుల్ని కూర్చోబెట్టి జరిగిందంతా ఒకే విడతలో చెప్పించే పద్ధతి ఉండేది. దానివల్ల తర్వాత వచ్చే మానసిక సమస్యలు తగ్గుతున్నట్టు పరిశోధనల్లో తేలలేదు, కొందరికి చెడే జరిగి ఉండొచ్చని కూడా బయటపడింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని, చెప్పమని ఒత్తిడి చేయొద్దంటుంది. పక్కన ఉండండి, ఏం కావాలో కనుక్కోండి, చెబితే వినండి, అంతే.

మాటల వల్ల ప్రయోజనం లేదని కాదు. 2007లో మాథ్యూ లీబర్మన్ అనే మనస్తత్వవేత్త బృందం కొందరిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి భయం, కోపం నిండిన ముఖాలు చూపించింది. ఆ భావానికి తగిన మాట ఎంచుకున్నప్పుడు అమిగ్డలా జోరు తగ్గింది. పేరు పెట్టడం అన్నంత చిన్న పని. ఇక్కడ మన దగ్గర బోలెడు సామాను ఉండి కూడా వాడట్లేదనిపిస్తుంది నాకు. అన్నిటికీ 'టెన్షన్‌గా ఉంది' ఒక్కటే మాట. కానీ దిగులు వేరు, బెంగ వేరు. దూరంగా ఉన్నవాళ్ళ మీద పెట్టుకునేది బెంగ. రాబోయేది తలచుకుంటే గుండెల్లో కదిలేది గుబులు. ఏమీ చేయలేక వచ్చే కోపం ఉక్రోషం. కంగారులో కాలూ చేయీ ఆడవు, నీరసంలో ఆడించాలనిపించదు. ఆ రాత్రి నాది దిగులు అనుకున్నాను. తీరా ఆలోచిస్తే సగం గుబులు, ఎందుకంటే మేం రోజూ దాటే వంతెన ఒకటుంది. మిగతా సగం ఉక్రోషం. అది తెలిశాక ఊపిరి కాస్త సాఫీగా ఆడింది, ప్రయోగశాలలో జరిగినదే నాకూ జరిగిందో లేదో చెప్పలేను గానీ.

చనిపోయినవాళ్ళ సంఖ్య పెరిగేకొద్దీ మనసు మొద్దుబారడం కూడా మన పాపం కాదు. దీని మీద పాల్ స్లోవిక్ అనే మనస్తత్వవేత్త దశాబ్దాలుగా పనిచేశారు. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆకలితో ఉన్న ఒక్క పాప గురించి చెబితే జనం బాగానే విరాళమిచ్చారు. అదే పాప కథకి లక్షల మంది ఆకలి లెక్కలు జోడిస్తే, పెరగాల్సింది పోయి తగ్గింది. టానియా సింగర్, ఓల్గా క్లిమెక్కి అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగాలు ఇంకో ముక్క చెబుతాయి. ఎదుటివాళ్ళ బాధను మన బాధలా అనుభవించడం సాధన చేస్తే మనమే కుంగిపోతాం. వాళ్ళకి మంచి జరగాలని కోరుకోవడం సాధన చేస్తే, అదే బాధ చూస్తూ కూడా తట్టుకునే శక్తి వస్తుంది. అంటే నా మూడు గంటల జాగారం ఆ వంతెన మీదున్నవాళ్ళకీ పనికిరాలేదు, నాకూ పనికిరాలేదు.

ఇప్పుడు నా ఫోన్‌లో వీడియోలు వాటంతట అవి ఆడవు. వార్తలు చదువుతాను, చూడను, అదీ రోజుకి రెండుసార్లు. అప్పుడప్పుడు తప్పుతుంటాను.

ఆ రాత్రి పాపకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. పసిపిల్లలకి అదే దృశ్యం పదిసార్లు చూపిస్తే పది వంతెనలు కూలాయనుకుంటారని ఎక్కడో చదివి ఉన్నాను, అందుకే వీడియో చూపించకుండా ఒక వంతెన కూలిందని మాత్రం చెప్పాను. నీళ్ళు తాగుతూ తాగుతూ ఆగి అడిగింది, "మరి నీళ్ళలో పడినవాళ్ళని బయటికి తీశారా?"

నాలుగు కోణాల్లో చూశాను. ఆ సంగతి మాత్రం నాకు తెలియదు.

ఇద్దరం పక్కపక్కన కూర్చుని బొమ్మలు లేని వార్త ఒకటి వెతికి చదివాం. పడవలు ఎప్పుడు వచ్చాయో, ఎవరిని ఎలా ఒడ్డుకి చేర్చారో, ఇంకా ఎవరికోసం వెతుకుతున్నారో అన్నీ ఉన్నాయి. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.