శత్రువు కనిపిస్తాడు, గురి కుదరదు

క్రీ.శ. 2245. భూమి నుంచి వెళ్లిన నౌకలకు మిన్‌బారీ అనే జాతి మొదటిసారి ఎదురుపడింది. వాళ్ల నౌకల్లో ఫిరంగుల తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఎదుటివారి ముందు ఆయుధాలు దాచకపోవడం వాళ్ల యోధుల మర్యాద. మనవాళ్లకు మాత్రం అది దాడికి సిద్ధమైనట్టు కనిపించింది. పైగా వాళ్లు పరిశీలన కోసం వదిలిన కిరణాల వల్ల మన నౌకలకు పారిపోయే దారి కూడా మూసుకుపోయింది. భూమి కెప్టెన్ కాల్పులు జరిపాడు, మిన్‌బారీల నాయకుడు చనిపోయాడు, మానవజాతి అంతరించే స్థితి తెచ్చిన యుద్ధం మొదలైంది.

1998 జనవరిలో అమెరికా టీవీలో వచ్చిన ‘బాబిలన్ 5: ఇన్ ది బిగినింగ్’ సినిమా కథ ఇది. ‘బాబిలన్ 5’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్‌కు ముందు జరిగిన సంగతులతో, ఆ సీరియల్ సృష్టికర్త జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీయే రాశారు. ఇందులో యుద్ధం రగిలేదీ, మలుపు తిరిగేదీ సంకేతాల దగ్గరే. ఈ సినిమాను నేను అంతగా ఇష్టపడటానికి కారణం అదే.

ఆ మొదటి భేటీ సన్నివేశం అతిశయం అనిపించవచ్చు, కానీ మన సముద్రాల్లోనూ దగ్గర ఉదాహరణ ఉంది. నౌకలు ఫిరంగులు పేల్చి వందనం చేసే ఆచారం గుండ్లు ఖాళీ చేసి చూపడం నుంచి వచ్చిందంటారు. ఒకసారి పేల్చాక మళ్లీ నింపడానికి చాలాసేపు పట్టేది కనుక అది స్నేహసూచన అయింది. ఆ ఆచారం తెలియనివాడికి వినిపించేది పేలుడే.

ఇక యుద్ధంలో మన ఓటమికి సినిమా చెప్పే కారణం రాడార్ సమస్య: మిన్‌బారీ నౌకల మీద మన గురి కుదరదు. ఒడిశాలోని మా బరంపురం వాళ్లకు ఇది దూరపు విషయం కాదు. పక్కనే గోపాల్‌పూర్‌లో సైన్యం వారి ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. సముద్రం వైపు కాల్పుల సాధన ఉంటుంది.  ఆకాశంలో కదిలేదాన్ని కొట్టాలంటే చూస్తే చాలదు, అది ఎంత దూరంలో, ఎటు, ఎంత వేగంగా పోతోందో క్షణక్షణం తెలుస్తూ ఉండాలి. రాడార్ రేడియో తరంగం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి ఆ లెక్క కడుతుంది. ప్రతిధ్వనిని పక్కకు మళ్లించినా, దొంగ ప్రతిధ్వనులు కలిపినా లెక్క చెడుతుంది. మిన్‌బారీ నౌకలు మాయం కావు, కళ్లెదుటే ఉంటాయి. వాటిపై గురి నిలవదు, అంతే.

ఈ తేడా పాటించినందుకు రచయితను మెచ్చుకోవాలి, ఎందుకంటే అంతరిక్షంలో నిజంగా దాక్కోవడం చాలా కష్టం. మనుషులు బతికే నౌక లోపల 20 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, వెనకనున్న ఆకాశం సుమారు మైనస్ 270. ఆ వేడి ఎప్పుడో ఒకప్పుడు, ఎటో ఒకవైపు బయటికి పోవాల్సిందే. అంత చల్లని ఆకాశం ముందు పరారుణ కెమెరాకు అది దీపంలా వెలుగుతుంది. నాసా అంతరిక్ష నౌక వాయేజర్ 1 పంపే సుమారు 20 వాట్ల రేడియో సంకేతాన్నే 2,400 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పట్టుకుంటున్నాం.

నాతోపాటు సినిమా చూసిన ఇంజనీరింగ్ కుర్రాడు ఇక్కడే అడిగాడు: “అన్నయ్యా, నౌక కిటికీ అద్దంలోంచి కనిపిస్తున్నదాన్ని కెమెరాతో గురిపెట్టలేరా?” మంచి ప్రశ్న. టీవీ కెమెరాతో గురి నిలుపుకునే మేవరిక్ క్షిపణి 1970లలోనే ఉంది. నౌకలు అంత దగ్గరగా పోరాడుతుంటే ఆ సాకు నిలవదు. వేల కిలోమీటర్ల ఎడం చూపిస్తే సరిపోయేది, కానీ అప్పుడు తెర మీద చూడటానికి ఏమీ ఉండదు.

భూమి సైన్యాధికారి షెరిడాన్ ఎత్తుగడ దగ్గర మాత్రం సైన్స్, కథ చక్కగా కలిశాయి. గురి కుదరనప్పుడు, గురితో పని లేని ఆయుధం కావాలి. అంగారకుడికి, గురుడికి మధ్య గ్రహశకలాల్లో అణుబాంబులు పెట్టి, ఆపదలో ఉన్నామని దొంగ సంకేతం పంపి, ‘బ్లాక్ స్టార్’ అనే మిన్‌బారీ నౌకను దగ్గరికి రప్పించాడు. ఆ ‘దగ్గరికి’ అన్నదే కీలకం. శూన్యంలో గాలి లేదు కనుక, నేల మీద భవనాలను కూల్చే పేలుడు గాలి కెరటం అక్కడ పుట్టదు. బాంబు శక్తి ఎక్కువగా ఎక్స్‌రేలుగా వెళుతుంది. దూరం రెండింతలైతే తాకిడి నాలుగో వంతుకు పడిపోతుంది. శత్రువు తనంతట తాను పక్కకు వస్తే తప్ప లాభం లేదు. అయితే ఆ శకలాలు అసలు అంత ఒత్తుగా ఉండవు. వాటి మధ్య సగటు ఎడం లక్షల కిలోమీటర్లలో ఉంటుంది. 1973లో ఆ పట్టీని దాటిన పయొనీర్ 10 అంతరిక్ష నౌక ఏ రాయికీ తగలకుండానే బయటపడింది.

కథ చెప్పేది సెంటారీ అనే మరో జాతి ముసలి చక్రవర్తి లోండో, వినేది పిల్లలు. ఫలితం ముందే తెలిసిన యుద్ధాన్ని ఇంత టెన్షన్‌తో చూడగలగడానికి సగం కారణం ఆ పాత్ర వేసిన పీటర్ జురాసిక్ గొంతే. కానీ కొత్తవాళ్లు దీంతో మొదలుపెట్టవద్దు. గెలుపు అంచున మిన్‌బారీలు ఎందుకు లొంగిపోయారన్న రహస్యాన్ని సీరియల్ సంవత్సరాల తరబడి కాపాడుతూ వస్తుంది. ఈ సినిమా దాన్ని ఒక్క సాయంత్రంలో విప్పేస్తుంది. మూడో సీజన్ పూర్తయ్యాక చూడండి.