ఎవరి దగ్గర కొందాం?

మూలాపేట, నెల్లూరు
ధనుర్మాసం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మొన్న ఆదివారం గ్రంథాలయం మెట్ల మీద మీరు నన్నొక ప్రశ్న అడిగారు. నలుగురూ కలిసి ఐదు వందల రూపాయలు కూడబెట్టామనీ, సంక్రాంతికి వచ్చే అక్కలకు, స్నేహితులకు ఏమి కొనమంటారనీ. అప్పటికప్పుడు నోటికి వచ్చింది చెప్పడానికి మనసొప్పలేదు. రెండు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏమి కొనాలో తర్వాత చూద్దాం. ముందు ఎవరి దగ్గర కొనాలో అనుకుందాం.

నేను ముప్పై ఏళ్ళు ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక చిన్న అచ్చాఫీసులో కంపోజిటరుగా పనిచేశాను. మీకు తెలిసిన అక్షరం కంప్యూటర్ తెర మీదిది. మాది సీసపు అక్షరం. గుణింతాలకు, వత్తులకు, సంయుక్తాక్షరాలకు వేరువేరు ముక్కలు. ఎదురుగా చెక్క కేసుల్లో వందల గళ్ళు. ఏ గడిలో ఏముందో కంటికంటే ముందు చేతికి తెలియాలి. ఎడమచేత స్టిక్కు, అంటే అక్షరాలు వరసగా పేర్చుకునే చిన్న పట్టీ, పట్టుకుని, అద్దంలో కనబడినట్టు తిరగబడి ఉండే ఆ ముక్కలను ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోవాలి. పుస్తకం మొత్తానికి చాలినన్ని అక్షరాలు మా దగ్గర ఉండేవి కావు. ఎనిమిది పేజీలు కూర్చి, ప్రూఫు దిద్ది, ట్రెడిల్ అనే కాలితో తొక్కే యంత్రం మీద అచ్చువేసి, ఆ ముక్కలన్నీ విడదీసి మళ్ళీ దేని గడిలో దాన్ని వేస్తేనే తర్వాతి ఎనిమిది పేజీలు మొదలయ్యేవి.

ఒకసారి ఒక బడిపంతులు తన కవితల పుస్తకం అచ్చుకు తెచ్చారు. మూడు ఫారాలు, అంటే అలాంటి ఎనిమిదేసి పేజీల కట్టలు మూడు, అయ్యేసరికి ఆయన దగ్గర కాగితానికి డబ్బులు అయిపోయాయి. పని ఆగింది. ఆయన ఆ అచ్చయిన కాగితాలనే సంచిలో పెట్టుకుని, సైకిలు మీద తెలిసినవాళ్ళ ఇళ్ళకు తిరిగారు. పదకొండు మంది పుస్తకం ఖరీదు ముందే ఇచ్చారు. ఆ డబ్బుతో మిగతా కాగితం వచ్చింది, పుస్తకం బయటికి వచ్చింది. వచ్చాక మెచ్చుకోని వారు లేరు. కానీ మెచ్చుకున్నవాళ్ళలో చాలామంది 'మాకూ ఒక ప్రతి ఇవ్వండి మాస్టారూ' అని అడిగారు. ఆయన కాదనలేకపోయారు. రెండో పుస్తకం రాతప్రతిగానే మిగిలిపోయింది. ఊరికే తీసుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ ప్రతి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ పదకొండు మందికి మాత్రం ఇప్పటికీ మనసులోనే నమస్కారం పెట్టుకుంటాను.

సీసం పోయింది, కంప్యూటర్ వచ్చింది. లెక్క మాత్రం పెద్దగా మారలేదు. తెలుగులో ఈనాటికీ చాలా పుస్తకాలు వేసేది ఐదు వందల ప్రతులో, వెయ్యి ప్రతులో. చాలామంది రచయితలు సొంత డబ్బు పెట్టి వేసుకుంటారు. అమ్మిపెట్టేవాళ్ళకు నలభై శాతం దాకా ఇవ్వడం మామూలు. అంటే 150 రూపాయల పుస్తకం మీద 60 రూపాయలు అక్కడే పోతాయి. మిగిలిన 90 రూపాయల్లోంచే కాగితం, అచ్చు, బైండింగు, అట్ట మీది బొమ్మ, తపాలా ఖర్చు అన్నీ రావాలి. అందులో ఏమైనా మిగిలితేనే తర్వాతి పుస్తకం. మీరు నేరుగా ప్రచురణకర్తకు రాసి తెప్పించుకుంటే ఆ 60 రూపాయలు కూడా ఆ చేతిలోనే ఉంటాయి. మన ఊరి పుస్తకాల అంగడిలో కొన్నా నాకు సంతోషమే. పుస్తకం చేత్తో పట్టుకుని నాలుగు పేజీలు తిరగేసి చూసుకునే చోటు ఊళ్ళో ఒక్కటైనా ఉండాలి కదా.

చిన్న అచ్చాఫీసులు ఏమి చేయగలవో మన నెల్లూరు సీమకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఇటునుంచి మద్రాసు వెళ్ళిన వావిళ్ళ రామస్వామి శాస్త్రులుగారు 1854లో అక్కడ అచ్చుకూటం పెట్టారు. తాటాకుల్లో ఉండిపోవలసిన కావ్యాలెన్నో వావిళ్ళవారి పుస్తకాలుగా ఇంటింటికీ చేరాయి. మా నాన్న చదువుకున్న భారతం వారిదే. ఈ కాలంలో చూస్తే, 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అనే ప్రచురణ సంస్థ ఉంది. ముఖ్యంగా పిల్లల కోసం పుస్తకాలు వేసే 'మంచి పుస్తకం' అనే సంస్థ ఉంది. ఈ సెలవుల్లో విజయవాడ వెళ్ళే వాళ్ళుంటే, ఏటా జనవరి మొదట్లో జరిగే పుస్తక మహోత్సవానికి తప్పకుండా వెళ్ళండి. 1989 నుంచి జరుగుతోంది. పెద్ద అంగళ్ళు చూసి వచ్చేయకండి. ఒకే బల్ల మీద తాము వేసిన నాలుగు పుస్తకాలు పెట్టుకుని కూర్చున్న వారి దగ్గర ఆగండి. చాలాసార్లు ఆ కూర్చున్నవారే రాసినవారు కూడా. వారితో మాట్లాడండి, సంతకం అడగండి.

దూరాన ఉన్న స్నేహితులకైతే తపాలాలో పంపండి. 2025 మే నుంచి తపాలా శాఖ పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే సేవ నడుపుతోంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను వేరే. నిదానంగా వెళుతుంది కాబట్టి పండగకు అందాలంటే ఈ వారమే పంపాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. కొత్త పుస్తకాన్ని స్కాన్ చేసి ఫోన్లలో పంచుకోవడం కానుక కాదు, రాసినవారికి అన్యాయం. రచయిత బ్రతికి ఉన్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళ పాటు ఆ రచన మీద హక్కు వారిదీ వారి కుటుంబానిదీ అని మన చట్టం చెబుతోంది. బొమ్మలకూ అంతే. నచ్చిన బొమ్మను ఎక్కడినుంచో తీసి అచ్చువేయించి ఇవ్వకండి. వేసినవారిని అడిగి, డబ్బు ఇచ్చి, కింద వారి పేరు ఉండేలా చూడండి.

ఇక మీ ఐదు వందల సంగతి. రెండు పిల్లల పుస్తకాలు తీసుకుందాం. మిగిలినదానితో ఉదయగిరి చెంచాలు. దుర్గం కొండ కింద ఆ ఊళ్ళో నర్ది, బిక్కి లాంటి అడవి చెట్ల కర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు. ఆ ఊరి సొంత పనిగా భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న పని అది. నేను చూసినప్పుడు ఒక తల్లి వాకిట్లో కూర్చుని ఫోర్కు చేస్తోంది. ముక్కను కాలివేళ్ళ మధ్య బిగించి, సన్నని రంపంతో పళ్ళు చీల్చి, ఒక్కొక్క పంటినీ ఆకురాయితో గుండ్రంగా అరగదీసింది. చివరిపన్ను దగ్గర ఆమె ఊపిరి బిగబట్టడం కనిపించింది. అక్కడ విరిగితే మొదటినుంచి చేసిన పనంతా వృథా. అది చూశాక ఐదు రూపాయలు తగ్గించమని నోరు ఎలా వస్తుంది? బేరం ఆడకండి పిల్లలూ. తెచ్చాక ఆ చెంచాలను నీళ్ళలో నానబెట్టవద్దని కూడా మీ అక్కలకు చెప్పండి. కడిగి, తుడిచి, అప్పుడప్పుడు కాస్త నూనె రాస్తే ఏళ్ళ తరబడి ఉంటాయి.

చీర మీ డబ్బుకు రాదు. అయినా అమ్మ కొనేటప్పుడు పక్కనుంటారు కాబట్టి చెబుతున్నాను. వెంకటగిరి జాందానీ చీరలో ఒక్కొక్క బుటాకు, అంటే బట్టలో నేసిన చిన్న పువ్వుకు, వేరే దారం, చేత్తో తిప్పి నేస్తారు. చీర తిరగేసి చూడండి. వెనక ఒక బుటా నుంచి ఇంకొక బుటాకు వేలాడే దారాలు ఉండకూడదు, రెండు వైపులా బుటా ఒకేలా కనిపించాలి. అంచుల వెంట సూది మొనంత చిల్లులు కనిపిస్తే లోపమనుకోకండి. నేసేటప్పుడు బట్టను వెడల్పుగా బిగించి ఉంచే కర్ర ముళ్ళ గుర్తులవి.

మీ ఇంట్లో వచ్చే ఏడు అక్షరాభ్యాసం జరగబోయే తమ్ముడు ఉన్నాడన్నారు. వాడికి మార్కాపురం రాతిపలక ఇవ్వండి. రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, చెక్క చట్రం బిగించిన పలక. నేను 'అ' దిద్దుకున్నది దాని మీదే.

వచ్చే ఆదివారం నేను ఉదయగిరి వెళుతున్నాను. ఉదయం ఆరు గంటలకు మన ఊరి ఆత్మకూరు బస్టాండులో ఉంటాను. అమ్మానాన్నలకు చెప్పి, వీలైతే వారిలో ఒకరిని వెంటబెట్టుకుని రండి. ఎవరికి ఎన్ని చెంచాలు కావాలో కాగితం మీద రాసుకోండి. అక్కడ లేనివి చేయించాలంటే సగం డబ్బు ముందే ఇచ్చి వద్దాం. పదులు, ఇరవైలు, యాభైలుగా తెచ్చుకోండి, వారికి చిల్లర వెతుక్కునే శ్రమ ఉండదు. ఒక గుడ్డసంచి కూడా.

మీ
తాతయ్య