రబ్బరు ఫ్యాక్టరీ నుంచి మజ్జిగ గ్లాసు దాకా

భర్తకు తెలియకుండా, తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర పొడిచేసి కూరలోనో మజ్జిగలోనో కలపొచ్చా అన్న గొడవ మళ్ళీ రాజుకుంది. ఆయన మంచికే కదా అంటారు ఇంట్లోవాళ్ళు. ప్రాణం మీదకొస్తుందంటారు డాక్టర్లు. మాత్ర మింగి మద్యం తాగితే, ఆ మద్యం నుంచి పుట్టే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం ఒంట్లో పేరుకుని మనిషిని కుదిపేస్తుందన్నది చాలామందికి తెలిసిందే. ఈ గొడవకు పనికొచ్చే చరిత్ర వేరే ఉంది.

దీని పుట్టిల్లు ఆసుపత్రి కాదు. రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే పని త్వరగా తెమలడానికి కలిపే థైయూరమ్ రసాయనాల్లో ఇదొకటి. ఈ కుటుంబానికే చెందిన మరో రసాయనంతో పనిచేసే కార్మికుల గురించి 1937లో ఇ.ఇ. విలియమ్స్ అనే అమెరికా ఫ్యాక్టరీ డాక్టర్ రాశాడు. బీరు తాగినా చాలు, వాళ్ళ ముఖం, చేతులు ఎర్రబడేవి. గుండె దడ, తలా కళ్ళూ ఉబ్బిపోతున్నట్టు బాధ. దెబ్బకు తాగడమే మానుకున్నారు. తాగుడుకు విరుగుడు ఇదేనేమో అని విలియమ్స్ అప్పుడే అడిగాడు. కార్మికులు మాత్రం కోరి మానలేదన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో హాల్డ్, యాకబ్సన్ అనే పరిశోధకులు నులిపురుగుల మందుగా దీన్ని తమ మీదే పరీక్షించుకుంటూ అదే అనుభవం పొందారు. 1948లో ప్రపంచానికి చెప్పారు. తొలి రోజుల్లో పెద్ద డోసులు ఇచ్చి, ఆసుపత్రిలోనే ఓ గ్లాసు తాగించి రుచి చూపించేవారు. కొన్ని ప్రాణాలు పోయాక డోసు తగ్గింది.

అసలు మలుపు 1986లో వచ్చింది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 605 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు రోజూ 250 మిల్లీగ్రాములు, ఇంకో గుంపుకు పేరుకు 1 మిల్లీగ్రాము, మూడో గుంపుకు అసలు లేదు. ఏడాది తర్వాత పూర్తిగా మానేసినవాళ్ళ లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2014లో 22 పరీక్షల్ని కలిపి చూస్తే చిక్కు విడింది. మింగేది ఏంటో తెలిసినవాళ్ళలో మాత్ర పనిచేసింది. అసలు మాత్రో ఉత్తుత్తి మాత్రో తెలియకుండా ఇచ్చిన పరీక్షల్లో రెండు గుంపులకూ తేడా కనబడలేదు. అంటే తాగకుండా ఆపేది చాలావరకు ఏమవుతుందోనన్న భయమే. చెప్పకుండా కలిపితే ఆ భయం ఉండదు, రియాక్షన్ మాత్రం ఉంటుంది.

మత్తులో ఉన్నవాళ్ళకు గానీ, పూర్తిగా తెలియపరచకుండా గానీ ఇవ్వకూడదని అమెరికాలో ఈ మాత్ర లేబుల్ మీదే గడి గీసి మరీ హెచ్చరిస్తారు. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా చికిత్సకు తెలిసి ఇచ్చే సమ్మతినే అడుగుతుంది.

1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ నేల ఇది. ఇంట్లోవాళ్ళ తెగింపు అర్థం కానిదేం కాదు. కానీ మాత్ర ఆపాక కూడా ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్ తాగినా రియాక్షన్ రావచ్చు. బీపీ పడిపోయి క్యాజువాలిటీకి తెచ్చినప్పుడు కలిపిన సంగతి దాస్తే, డ్యూటీ డాక్టర్‌కు కారణమే తట్టదు.

భార్యకు ఈ వైద్యంలో చోటు లేదని కాదు. ఆయన ఒప్పుకున్నాక రోజూ మాత్ర చేతికిచ్చి, ఎదురుగా మింగించే పద్ధతి డాక్టర్లు ఎప్పటినుంచో వాడుతున్నదే.