అడుగున అక్షరాలు చూసి డబ్బు పెట్టకండి: చైనా, డేనిష్ పింగాణీ మీద అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక తెలుగు అబ్బాయి, చంటిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు, టవల్లో చుట్టిన కూజా ఒకటి మా వర్క్‌షాప్‌కి తెచ్చాడు. నీలం డ్రాగన్, చుట్టూ మబ్బులు, అడుగున రెండు వరుసల్లో ఆరు చైనా అక్షరాలు. ఫోన్‌లో చదివించుకున్నాడు, "మహా మింగ్ వంశం, చెంగ్‌హువా ఏలుబడిలో చేసినది" అని వచ్చింది. అంటే 1465కీ 1487కీ మధ్య. ఆన్‌లైన్‌లో పద్దెనిమిది వేల క్రోనర్లు పెట్టి కొన్నాడు, చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బులోంచి తీసి. "అక్కా, అడుగున రాసుంది కదా, ఇంకేం కావాలి?" అన్నాడు. చేతిలోకి తీసుకున్న క్షణంలోనే నాకు తెలిసిపోయింది, దానికి పాతికేళ్లు కూడా ఉండవు. ఆ మాట చెప్పడానికి మాత్రం చాలా సేపు పట్టింది.

కోపెన్‌హాగెన్‌లో పదిహేనేళ్లుగా పింగాణీ మరమ్మతు చేస్తున్నాను. ఇదే కథ నెలకి రెండు మూడు సార్లు వింటాను. వాట్సాప్ గ్రూపుల్లో "అడుగున ముద్ర ఉంటే లక్షలు" అని తిరిగే వీడియోలు చూస్తే నిజంగా కోపం వస్తుంది, నష్టపోయేది మాత్రం ఇలాంటి పిల్లలే.

అపోహ: అడుగున ఏ చక్రవర్తి పేరుంటే వస్తువు ఆ కాలానిదే.

వాస్తవం: కానే కాదు. చైనా పింగాణీకి పెద్ద పేరున్న ఊరు జింగ్‌దెజెన్. అక్కడ పాత చక్రవర్తుల పేర్లు కొత్త వస్తువుల మీద రాయడం వందల ఏళ్ల అలవాటు, అందులో చాలాసార్లు మోసం ఉద్దేశం కూడా లేదు, పెద్దల పనితనం మీద గౌరవం. 1677లో అక్కడి అధికారి ఒకరు, ఏలుతున్న చక్రవర్తి కాంగ్‌షి పేరు పింగాణీ మీద రాయకూడదని ఆజ్ఞ ఇచ్చారు. ముక్కలైతే ఆ పేరు కాళ్ల కింద పడుతుందని. కాగితం కాలికి తగిలితే మనం కళ్లకద్దుకుంటాం చూడండి, అలాంటి భావమే. దాంతో పనివాళ్లు పేరు బదులు ఒక ఆకు వేశారు, ఖాళీగా రెండు వలయాలు గీసి వదిలేశారు, లేదా గడిచిపోయిన మింగ్ చక్రవర్తి పేరు రాశారు. చెంగ్‌హువా పేరు అలా ఎన్ని వేల గిన్నెల మీదకి ఎక్కిందో. తర్వాత 1875 - 1908 మధ్య గ్వాంగ్‌షు చక్రవర్తి కాలంలో అదే కాంగ్‌షి పేరు బోలెడన్ని వస్తువుల మీద రాశారు. ఇవాళ్టి నకళ్ల సంగతి చెప్పక్కర్లేదు, ఏ పేరు కావాలంటే ఆ పేరు.

డెన్మార్క్‌లో ఉన్నవాళ్లు ఇందులో ఎక్కువ పడిపోవడానికి ఇంకో కారణం ఉంది. ఇక్కడి రాయల్ కోపెన్‌హాగెన్ పింగాణీ అడుగున మూడు అలలుంటాయి. అవి ఓరెసున్, పెద్ద బెల్ట్, చిన్న బెల్ట్ అనే మూడు జలసంధులు. 1935 నుంచి చాలా ఏళ్లపాటు ముద్రలోని ROYAL COPENHAGEN అనే పేరులో ఏదో ఒక అక్షరం మీదో కిందో సన్నని గీత పెట్టేవారు, ఆ గీత ఎక్కడుందో చూసి ఏ ఏడాదిదో, కనీసం ఏ నాలుగైదేళ్ల మధ్యదో చెప్పేయొచ్చు. అంటే ఇక్కడి ముద్ర తేదీ చెబుతుంది. పాత సామాన్ల సంతల్లో ఆ అలవాటు పడ్డ కళ్లు చైనా గిన్నెనీ అలాగే చదువుతాయి. చైనా ముద్ర తేదీ కాదు, కుదిరితే ఒక సాక్ష్యం, అంతే.

మరి దేన్ని చూడాలి? తిరగేసి, గిన్నె నిలబడే వలయాన్ని చూడండి. అక్కడ గ్లేజ్, అంటే గాజులాంటి పూత, ఉండదు, మట్టి బయటపడుతుంది. వేలితో తడిమి చూడండి. రెండు మూడొందల ఏళ్లు బల్లల మీద జరిగిన అంచు ఒకచోట నున్నగా, ఒకచోట గరుకుగా, ఎగుడుదిగుడుగా అరుగుతుంది. ఆ అబ్బాయి కూజా అంచు చుట్టూతా ఒకే గోధుమరంగు, టీ డికాక్షన్ పూసినట్టు. తడి దూదితో తుడిస్తే రంగు దూదికి వచ్చేసింది. తర్వాత లెన్స్‌తో నీలం చూడండి. మరో మింగ్ చక్రవర్తి షువాన్‌దె కాలం (1426 - 1435) నీలంలో ఇనుము ఎక్కువ, కొలిమిలో అక్కడక్కడా నల్లగా పేరుకుని గ్లేజ్‌లోకి దిగిపోయేది. ఆ మచ్చల కోసం నకలు చేసినవాళ్లు బ్రష్ మొనతో చుక్కలు పెట్టారు. లెన్స్‌లో ఆ చుక్కలు వరసగా కనిపిస్తాయి.

చివరగా వేలి కణుపుతో మెల్లగా కొట్టి వినండి. ఇది నాకు ఏ కోర్సులోనూ నేర్పలేదు. మా అమ్మమ్మ ఆవకాయ జాడీ కొనేటప్పుడు దుకాణం ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ కొట్టి చెవి పెట్టేది. ఖంగుమంటే తీసుకునేది, మొద్దుగా పలికితే "దీనికి బీట ఉందే" అని పక్కన పెట్టేది. కంటికి కనిపించని బీటని నేనూ ఇవాళ అలాగే పట్టుకుంటాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

మూడు అలల మీద అడ్డంగా గీత కనిపిస్తే "వాడకంలో గీరుకుపోయింది" అనుకుంటారు. కాదు, రెండో రకం సరుకని ఫ్యాక్టరీ వాళ్లే గీస్తారు. ధర తగ్గించి అడగండి.

నీలం పూల డేనిష్ ప్లేటు అచ్చంగా డేనిష్ అంటారు. 1775లో రాయల్ కోపెన్‌హాగెన్ ఫ్యాక్టరీ మొదలైనప్పటి నమూనా అది, కానీ చైనా పూలే జర్మనీలోని మైసెన్ మీదుగా ఇక్కడికొచ్చాయి. ఇప్పుడు చాలావరకు థాయ్‌లాండ్‌లో తయారవుతుంది, అంతమాత్రాన నకిలీ కాదు, అక్కడా చేత్తోనే వేస్తారు.

డేనిష్ కథకుడు ఆండర్సన్ చైనా చూసొచ్చి నైటింగేల్ కథ రాశాడని మొన్న ఒకాయన వాదించారు. చైనా వెళ్లనేలేదు. 1843 నాటి ఆ కథలో చక్రవర్తి భవనం మొత్తం పింగాణీతో కట్టినట్టు ఉంటుంది, అప్పటి యూరప్‌కి చైనా అంటే పింగాణీయే మరి.

సెలడాన్ అనే పచ్చటి గ్లేజ్ ఉన్న ప్లేటులో విషం కలిస్తే రంగు మారుతుందని హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చినవాళ్లు అడుగుతుంటారు. మారదు.

విరిగినదాన్ని లక్కలాంటి జిగురుతో అతికించి పైన బంగారు పొడి అద్దడం జపాన్ పద్ధతి. చైనాలో పాతకాలం మరమ్మతు అంటే సన్నటి రంధ్రాలు చేసి లోహపు కొక్కేలు బిగించడమే. "వజ్రపు డ్రిల్లు లేనివాడు పింగాణీ పని ఒప్పుకోకూడదు" అని వాళ్ల సామెత. ఆ కొక్కేలు పీకించకండి, ఫెవిక్విక్ అసలే పెట్టకండి.

అడుగున ముద్ర ఉంటే చాలనే నమ్మకానికి పూర్తి ఎదురు భయం కూడా ఉంది. మూడేళ్ల కిందట ఎనభై దాటిన ఒక డేనిష్ పెద్దావిడ వచ్చారు. ముత్తాతల నాటి ప్లేటు, వెనక నాలుగు ఇత్తడి కొక్కేలు, అడుగున ఏమీ రాసిలేదు. ముద్ర లేదు కాబట్టి నకిలీ అని ఎవరో చెప్పారట, రాత్రంతా నిద్రపోలేదట. 1732లో పుట్టిన డేనిష్ ఏషియాటిక్ కంపెనీ ఓడల్లో చైనా రేవు కాంటన్ నుంచి పింగాణీ అడుగున, తడి తగలకూడని టీ పైన పెట్టి తెచ్చేవారు. యూరప్ కోసం చేసిన ఆ సరుకు మీద చాలావరకు ఏ చక్రవర్తి పేరూ ఉండదు. ఆవిడ ప్లేటు అలాంటిదే, 18వ శతాబ్దంది. కొక్కేలు తీసేయమని అడిగారు, నేను ఒప్పుకోలేదు. మురికి మాత్రం తుడిచి ఇచ్చాను. వంటింట్లో పొయ్యి పక్క గోడకి మళ్లీ తగిలించానని వారం తర్వాత ఫోన్ చేశారు. పొయ్యికి కొంచెం దూరంగా తగిలించండి, ఆ వేడికి బీట పెరుగుతుంది అని చెప్పాను.