ఓవర్‌టేక్ టికెట్ వీసా దాకా ఎలా వెళ్లింది: జార్జియా నేపథ్యం

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఆ ప్రశ్న మళ్లీ లేచింది. "అన్నా, రెండేళ్ల కింద ఇంప్రాపర్ పాసింగ్ టికెట్ పడింది. ఆన్‌లైన్‌లో కట్టేశాను. ఇప్పుడు వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్తే ప్రాబ్లమా?" ఇంప్రాపర్ పాసింగ్ అంటే తప్పుగా ఓవర్‌టేక్ చేయడం. ప్రశ్న కింద బోలెడన్ని జవాబులు. ట్రాఫిక్ టికెట్‌కి ఎవరూ ఏమీ చేయరు, హాయిగా వెళ్లి రమ్మని కొందరు అంటారు. ఇండియా ప్రయాణమే మానుకోమని ఇంకొందరు అంటారు. రెండు పక్షాలూ సాక్ష్యంగా, విదేశీ విద్యార్థుల రికార్డులు మూకుమ్మడిగా రద్దై మళ్లీ తిరిగొచ్చిన 2025 ఏప్రిల్‌నే చూపిస్తాయి. ఇద్దరూ కొంత నిజమే చెబుతున్నారు కాబట్టే గొడవ తెగడం లేదు.

అమెరికాలో టికెట్లు, పాయింట్ల పద్ధతి ఎలా పుట్టిందో ఇక్కడ చెప్పబోవడం లేదు. అది తెలియనివాళ్లు తక్కువ. ఈ గొడవ అర్థం కావాలంటే అంత వెనక్కి పోనక్కర్లేదు, జార్జియా పోలీసు చేతికిచ్చే కాగితాన్ని ఒకసారి పైనుంచి చదివితే చాలు. దాని పేరు "యూనిఫామ్ ట్రాఫిక్ సైటేషన్, సమన్స్ అండ్ అక్యుజేషన్". మనవాళ్లు మొదటి భాగం చూసి మన చలానా లాంటిదే అనుకుంటారు. రెండోది సమన్లు, అంటే ఫలానా రోజు కోర్టుకు రమ్మని పిలుపు. మూడోది అభియోగం. అంటే రోడ్డు పక్కన కారు అద్దం దించి మనం అందుకునేది అచ్చంగా ఒక కేసు కాగితం. సంతకం పెట్టమంటే తప్పు ఒప్పుకున్నట్టని భయపడతారు కానీ కాదు. కోర్టుకు వస్తానని మాటిచ్చినట్టు, అంతే.

నా ఉద్దేశంలో అసలు మలుపు ఇదే. జార్జియా ట్రాఫిక్ చట్టంలో 40-6-1 అనే సెక్షన్ ఉంది. ఈ అధ్యాయంలోని నిబంధనల్లో దేన్ని మీరినా, వేరేగా చెప్పి ఉంటే తప్ప, అది మిస్‌డిమీనర్ అంటుంది. మిస్‌డిమీనర్ అంటే క్రిమినల్ నేరాల్లో చిన్న తరగతి. గరిష్ఠ శిక్ష 1,000 డాలర్ల జరిమానా, 12 నెలల జైలు. గీత దాటి ఓవర్‌టేక్ చేసినవాణ్ని ఏ జడ్జీ ఏడాది జైల్లో వేయడు, అది వేరే సంగతి. కానీ పేరు మాత్రం నేరమే. అదే పని కాలిఫోర్నియాలో చేస్తే "ఇన్‌ఫ్రాక్షన్", దానికి జైలే ఉండదు. బే ఏరియాలో ఉన్న బావమరిది ఇచ్చిన సలహా అట్లాంటాలో ఉన్నవాడికి పనికిరానిది ఇక్కడే.

ఇక టికెట్ ఎందుకు పడుతుందన్నది. రోడ్డు మధ్య జంట పసుపు గీత (డబుల్ ఎల్లో) దాటడం, మలుపులోనో మిట్ట ఎక్కేటప్పుడో ముందు కారును దాటేయడం, కూడలికి, రైలు పట్టాలకు 100 అడుగుల లోపు ఎదురు లేన్‌లోకి వెళ్లడం, ఇవన్నీ ఊహించదగ్గవే. మనవాళ్లను ఎక్కువగా పట్టించేది ఇంకొకటి ఉంది. అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్ వైపు ఇప్పటికీ రెండు లేన్ల రోడ్లున్నాయి. ముందు కారువాడు ఎడమకు తిరగాలని ఇండికేటర్ వేసి ఆగుతాడు, ఎదురుగా బండ్లు వస్తూనే ఉంటాయి. వెనక ఉన్న మన కుర్రాడు రెండు క్షణాలు చూస్తాడు. తర్వాత స్టీరింగ్ కొంచెం కుడికి తిప్పి, కుడి చక్రాలు రెండూ తెల్ల గీత దాటి గడ్డి అంచున కరకరమంటుండగా పక్కనుంచి జారిపోతాడు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర పెరిగినవాడికి అది తప్పని తట్టనే తట్టదు. జార్జియాలో కుడి నుంచి దాటాలంటే తారు మీద చోటుండాలి, రోడ్డు దిగి దాటకూడదు. దిగితే అది ఇంప్రాపర్ పాసింగ్.

దీనికి లైసెన్స్ మీద మూడు పాయింట్లు. మిట్ట మీదో మలుపులోనో అయితే నాలుగు. పిల్లల్ని దించుతూ ఆగిన స్కూల్ బస్సును దాటితే ఆరు. 24 నెలల్లో 15 పాయింట్లకు లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. 21 ఏళ్లు నిండనివాళ్లకైతే నాలుగు పాయింట్ల నేరం ఒక్కటి రుజువైనా చాలు. మిట్ట మీద ఒక్క ఓవర్‌టేక్‌తో ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లల లైసెన్స్ పోయేది ఈ లెక్కనే. స్కూల్ బస్సు విషయంలో 2024లో చట్టం ఇంకా బిగిసింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో బస్సు ఎక్కబోతున్న ఎనిమిదేళ్ల పాప కారు కింద పడి చనిపోయాక, జూలై నుంచి కనీస జరిమానాను 1,000 డాలర్లకు పెంచారు. దాని మీద ఎవరికీ పేచీ లేదు, ఉండకూడదు కూడా.

పేచీ అంతా మూడు పాయింట్ల మామూలు టికెట్ దగ్గరే. అది ముదిరే దారి చూడండి.

మొదటి మెట్టు, కట్టి పడేయడం. కోర్టుకు వెళ్లకుండా డబ్బు కట్టేస్తే జార్జియా లెక్కలో నేరం రుజువైనట్టే. చాలామందికి ఇది సంవత్సరాల తర్వాత ఇన్సూరెన్స్ బిల్లు చూసినప్పుడు తెలుస్తుంది.

రెండో మెట్టు, కట్టకపోవడం. ఇక్కడ మన ఊరి అలవాటు ఒకటి చెప్పుకోవాలి. తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలానాలకు భారీ తగ్గింపు ఇచ్చారు. బైకులవాళ్లు నాలుగో వంతు కడితే సరిపోయింది. 2023 చివర్లో మళ్లీ ఇచ్చారు, ఈసారి బైకులకు 80 శాతం తగ్గింపు. ఆగినవాడికి లాభం అన్న పాఠం హైదరాబాద్ నుంచి విమానమెక్కిన ప్రతివాడి తలలోనూ ఉంటుంది. జార్జియాలో ఆగితే కోర్టు డేట్ దాటిపోతుంది. హాజరు కాలేదని కోర్టు డ్రైవర్ సర్వీసెస్ శాఖకు కబురు పెడుతుంది, లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. అరెస్టు వారెంటు కూడా పుట్టొచ్చు. ఆ నోటీసు లైసెన్స్ మీదున్న అడ్రసుకు వెళ్తుంది. సెమిస్టర్ కాగానే నలుగురు కుర్రాళ్లూ అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి తలో దిక్కు పోయుంటారు. 60 రోజుల్లో అడ్రసు మార్చుకోవాలని చట్టం చెబుతుంది, ఎవరు మారుస్తారు? నోటీసు పాత ఇంటి మెయిల్ బాక్సులో పిజ్జా కూపన్ల మధ్య పడుంటుంది.

మూడో మెట్టు దగ్గరే కథ తిరుగుతుంది. సస్పెండ్ అయిన సంగతి తెలియని కుర్రాడు ఏడాది తర్వాత టెయిల్ లైట్ పని చేయలేదని దొరుకుతాడు. పోలీసు కంప్యూటర్‌లో చూస్తాడు. సస్పెండైన లైసెన్స్‌తో బండి నడపడం జార్జియాలో సెక్షన్ 40-5-121. తనకు నోటీసు అందనే లేదని చెప్పుకోవడానికి కోర్టులో వీలుంది కానీ రోడ్డు మీద కాదు. రోడ్డు మీద అయితే చేతులకు బేడీలు పడే అవకాశమే ఎక్కువ. కేసు రుజువైతే మొదటిసారికే రెండు రోజుల నుంచి 12 నెలల జైలు, పైన 500 నుంచి 1,000 డాలర్ల జరిమానా అని రాసుంది. దాంతోపాటే వేలిముద్రలు తీయాలని కూడా రాసుంది.

వేలిముద్ర పడిందంటే రాష్ట్రం గడప దాటినట్టే. మామూలు టికెట్ ఎఫ్‌బీఐ రికార్డులకు ఎక్కదు. వేలిముద్రలతో నమోదైన అరెస్టు ఎక్కుతుంది. ఆ అరెస్టు చివరికి ఏమైందన్నది, అంటే డిస్మిస్ అయిందా, జరిమానాతో పోయిందా అన్నది చాలాసార్లు ఆ రికార్డులో ఉండనే ఉండదు.

2025 మార్చిలో ఇమ్మిగ్రేషన్ అధికారులు ఆ రికార్డుల మీద పడ్డారు. విదేశీ విద్యార్థుల వివరాలుండే సెవిస్‌లోని 13 లక్షల పేర్లను ఎన్‌సీఐసీ అనే ఎఫ్‌బీఐ డేటాబేస్‌తో పోల్చారు. ఈ పని చేసింది 10 నుంచి 20 మంది ఉద్యోగులు, రెండు మూడు వారాల్లో. 6,400 పేర్లు కలిశాయి. వాషింగ్టన్ కోర్టులో జడ్జి ఆనా రేయిస్ గుచ్చి గుచ్చి అడిగితే ప్రభుత్వ అధికారి నోటి నుంచే వచ్చిన లెక్కలివి. ఆమె ముందున్న కేసు టెక్సాస్‌లో కంప్యూటర్ రంగంలో చదువుకుంటున్న ఒక భారతీయ విద్యార్థిది. 2018లో స్పీడ్‌గా వెళ్తున్నాడని ఆపి రెక్‌లెస్ డ్రైవింగ్ రాశారు, తర్వాత ఆ కేసు ఎత్తేశారు. ఏడేళ్ల తర్వాత అతని పేరు 734 మంది ఉన్న ఒక జాబితాలో తేలింది. జాబితా అందిన ఒక్క రోజులోనే అందరి రికార్డులూ రద్దు చేయమని జవాబు వెళ్లింది. ఒక్కో కేసును ఎవరైనా తెరిచి చూశారా అని జడ్జి అడిగిన ప్రశ్నకు ఆ ఒక్క రోజే జవాబు.

మొత్తం మీద 4,700కు పైగా సెవిస్ రికార్డులు రద్దయ్యాయి. అమెరికన్ ఇమ్మిగ్రేషన్ లాయర్స్ అసోసియేషన్ సేకరించిన 327 కేసుల్లో సగం భారతీయులవే. ఓపీటీలో, అంటే చదువు వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతిలో ఉన్నవాళ్లకు ఆ పూటే ఉద్యోగం ఆగిపోయింది. చాలామందికి విషయం తెలిసింది కాలేజీలో విదేశీ విద్యార్థుల రికార్డులు చూసే అధికారి, డీఎస్ఓ, పంపిన మెయిల్ ద్వారానే. రికార్డు రద్దైందని ఇమ్మిగ్రేషన్ అధికారుల నుంచి చాలామందికి ఉత్తరం ముక్క రాలేదు.

అట్లాంటా ఫెడరల్ కోర్టులో ఏప్రిల్ 11న 17 మంది విద్యార్థులు పేర్లు బయటపెట్టకుండా కేసు వేశారు. వారం తిరిగేసరికి వాళ్లు 133 మందయ్యారు. 18న జడ్జి విక్టోరియా కాల్వర్ట్ రికార్డులు తిరిగి పెట్టమని తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు. 25న ప్రభుత్వమే దేశమంతటా వెనక్కి తగ్గుతున్నట్టు కోర్టుల్లో చెప్పింది.

సెవిస్ రికార్డు మూసినంత మాత్రాన చట్టబద్ధమైన స్టేటస్ పోయినట్టు కాదని, అది విచారణకు ఒక గుర్తు మాత్రమేనని ప్రభుత్వం వాదించింది.  రూల్ ప్రకారం నేరం కారణంగా విద్యార్థి స్టేటస్ పోవాలంటే అది హింసతో కూడినదై, ఏడాదికి మించి జైలు పడగలిగేదై ఉండాలి. గడ్డి అంచున కుడి చక్రాలు దింపడం ఆ వర్ణనలో ఎక్కడా ఇమడదు.

ఇక్కడ కొంచెం వెనక్కి, 1996కి వెళ్లాలి. ఎందుకంటే ఇవాళ్టి వాదన అంతా ఆ ఏడాది కాంగ్రెస్ మార్చిన ఒక నిర్వచనం చుట్టూ తిరుగుతోంది. జార్జియా ట్రాఫిక్ లాయర్ల దగ్గర "నోలో" అనే పాత చిట్కా ఉంది. తప్పు ఒప్పుకోను, పోట్లాడను అని కోర్టులో చెప్పడం. జడ్జి ఒప్పుకుంటే అయిదేళ్లకోసారి పాయింట్లు పడకుండా బయటపడొచ్చు. ఇన్సూరెన్స్ కోణంలో బంగారం లాంటి చిట్కా, మనవాళ్లలో వందల మంది వాడుకున్నారు. కానీ 1996 చట్టం ప్రకారం ఇమ్మిగ్రేషన్ లెక్కలో నోలో చెప్పి జరిమానా కట్టినా అది కన్విక్షనే. రాష్ట్రం పుస్తకంలో పాయింటు లేదు, ఫెడరల్ పుస్తకంలో శిక్ష ఉంది. ట్రాఫిక్ లాయర్ ఇమ్మిగ్రేషన్ సంగతి అడగడు, ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గరికి టికెట్ పట్టుకుని ఎవరూ వెళ్లరు. ఇద్దరి ఫీజు మధ్యలో మన కుర్రాడు.

ఇది విద్యార్థులతో ఆగి ఉంటే గ్రూపుల్లో ఇంత టెన్షన్ ఉండేది కాదేమో. 2025 ఆగస్టు 15న, వలస దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యూఎస్‌సీఐఎస్ పౌరసత్వ దరఖాస్తుల్లో సత్ప్రవర్తనను ఎలా తూచాలో చెబుతూ ఒక మెమో ఇచ్చింది. చట్టరీత్యా పౌరసత్వానికి అడ్డు కాకపోయినా దరఖాస్తుదారుకు వ్యతిరేకంగా లెక్కలోకి తీసుకోదగ్గ ప్రవర్తనకు ఉదాహరణగా నిర్లక్ష్యపు లేదా అలవాటుగా మారిన ట్రాఫిక్ ఉల్లంఘనలను అందులో చేర్చారు. దాంతో పదేళ్లు హెచ్1బీలో ఉండి, గ్రీన్‌కార్డు వచ్చి, పిల్లల్ని హైస్కూల్లో చదివిస్తున్న నడివయసు వాళ్లు కూడా పాత టికెట్లు తవ్వుకుంటున్నారు.

అసలు పౌరసత్వ దరఖాస్తు సూచనల్లో అరెస్టు లేకుండా, మద్యం, మత్తు ప్రమేయం లేకుండా, 500 డాలర్ల లోపు జరిమానాతో పోయిన టికెట్‌కు కాగితాలు జతచేయనక్కర్లేదనే ఉంటూ వచ్చింది. మెమో ఆ మాటను కొట్టేయలేదు. అయితే "అలవాటుగా" అంటే రెండా, అయిదా, ఎన్నేళ్లలోనా అన్న అంకె అందులో లేదు. అది ఎదుట కూర్చున్న ఆఫీసరుకు వదిలేశారు.

అందుకని లాయర్లు ఇప్పుడు ముందుగా అడిగేది సర్టిఫైడ్ డిస్పోజిషన్, అంటే కేసు ఎలా ముగిసిందో కోర్టు ముద్ర వేసి ఇచ్చే కాగితం. దాన్ని ఆ టికెట్ కేసు చూసిన కోర్టు క్లర్కు దగ్గరే తీసుకోవాలి. ఎప్పుడో ఫ్లోరిడా బీచ్‌కి పోతూ దారిలో ఏ ఊళ్లో ఆపారో గుర్తులేనివాళ్లు, పాత క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు తీసి జరిమానా ఏ కోర్టుకు కట్టారో వెతుక్కుంటున్నారు.